సద్ది విప్పితే నలుగురికి

వికారాబాద్, తాండూరు పల్లెల్లో ఇంట్లో వండి బయట తినే తిండిని సద్ది అంటారు. పొలానికి పట్టుకుపోయినా, రైల్లో విప్పినా, జాతరలో చెట్టు కింద పరిచినా అది సద్దే. నాలుగు జొన్నరొట్టెలు, గిన్నెలో ఇంత పప్పో పుంటికూరో, మామిడికాయ తొక్కు, ఒక ఉల్లిగడ్డ, రెండు పచ్చిమిరపకాయలు ఉంటే నిండు సద్ది కిందే లెక్క. మూట ఒక మనిషికే కట్టినా అందులో ఒక రొట్టె ఎక్కువే పడుతుంది. పక్కవాళ్లను పిలవకుండా మూట విప్పడం ఇక్కడ మర్యాద కాదు. పిలిచిన వెంటనే రాకుండా ఒకసారి వద్దనడం కూడా మర్యాదలో భాగమే. రెండోసారి పిలిచాక కూడా వద్దంటే మాత్రం బాగుండదు.

ఈ తిండి ఇలా ఎందుకుందో తెలియాలంటే ముందు నేలను చూడాలి. 2016 అక్టోబర్ 11న కొత్తగా ఏర్పడిన వికారాబాద్ జిల్లాలో ఈ రెండు పట్టణాలూ ఉన్నాయి. మధ్య దూరం 40 కిలోమీటర్లు. పాయిగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రా పేరు పెట్టుకున్న వికారాబాద్ అనంతగిరి గుట్టల పక్కన, ఎర్రనేల మీద ఉంది. తాండూరు కాగ్నా నది దగ్గరిది. అక్కడ పైన నల్లరేగడి, కింద సున్నపురాయి. ఆ రాయి నాపరాయిగా ఎక్కడెక్కడి ఇళ్లలోనో నేలకు పరుచుకుంది, ఆ రేగడి కందికి పేరు తెచ్చింది. సేడం, చించోళి వైపు కర్ణాటక సరిహద్దు పక్కనే కనుక తాండూరు అంగడిలో తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే బేరంలో వినిపిస్తాయి. పళ్లెంలోనూ ఆ మూడు రుచులూ కలిశాయి.

రెండు చోట్లా పాత తిండి జొన్నదే. జొన్నపిండికి గోధుమపిండికి ఉన్నట్టు సాగే గుణం ఉండదు. అందుకే మరిగే నీళ్లు పోసి కలుపుతారు. ఆ వేడికి పిండి కొంత ఉడికి పట్టు వస్తుంది. అరచేతి అడుగుతో బాగా మెదిపి, ఉండ చేసి, పీట మీద పొడిపిండి చల్లి, రెండు చేతులతో తిప్పుతూ తడతారు. చేయి తిరిగినవాళ్లకు కర్రతో పని లేదు. రొట్టె గుండ్రంగా తిరుగుతూ వెడల్పవుతుంది. అంచు చీలిందంటే మెదపడం చాలలేదని అర్థం. పెనం మీద వేశాక పైవైపు నీళ్లు పూసి, ఆ తడి ఆరీ ఆరకముందే తిరగేస్తారు. చివర నిప్పుల మీద పెడితే పొంగుతుంది. దాన్ని అప్పుడే తింటే మెత్తటి రొట్టె. సన్నటి సెగ మీద ఉంచి తడి మొత్తం పోనిస్తే కడక్ రొట్టె అవుతుంది, రోజుల తరబడి నిలవ ఉంటుంది. దూరం పోయే సద్దిలోకి ఎక్కేది రెండోదే.

రొట్టెను ఎవరూ కోయరు, చేత్తో తుంచుతారు. తుంచిన ముక్కకు కొలత లేదు. పళ్లెంలో కలిపిన అన్నానికి ఎంగిలి పట్టింపు ఉంటుంది కానీ పొడి రొట్టెకు ఆ పట్టింపు తక్కువ. సద్ది ఇంత సులువుగా చేతులు మారడానికి మర్యాద ఎంత కారణమో రొట్టె గుణం కూడా అంతే కారణం. ఈ సంగతిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఉదారత అంతా మనుషుల్లోనే ఉందనుకుంటారు.

అన్నం ఈ మెట్ట పల్లెల్లో చాలాకాలం పండుగ తిండి. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చాక అది రోజువారీ తిండి అయింది. 2025 ఉగాదినాడు తెలంగాణ ప్రభుత్వం రేషన్‌లో సన్నబియ్యం పంపిణీకి శ్రీకారం చుట్టింది. మనిషికి నెలకు ఆరు కిలోలు. ఇప్పుడు సద్ది గిన్నెలో అన్నానిదే పెద్ద వాటా. జొన్నరొట్టె మాత్రం ఇంకో దారిలో తిరిగొచ్చింది. షుగరు ఉన్నవాళ్లు రాత్రి అన్నం మానడం మొదలుపెట్టాక, పట్టణాల్లో సాయంత్రం పూట రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని రొట్టెలు చేసి అమ్మే ఆడవాళ్లు కనిపిస్తున్నారు. ఒకప్పుడు లేనివాళ్ల తిండి అనిపించుకున్నది ఇప్పుడు లెక్కపెట్టి కొనుక్కుపోయే సరుకైంది.

రొట్టెకు జోడు పప్పు. 2022 డిసెంబర్‌లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు దక్కింది. దరఖాస్తు పెట్టింది యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. ఇక్కడి నల్లరేగడిలో ఉండే అట్టపల్గైట్ అనే బంకమట్టి ఖనిజం, అడుగున ఉన్న సున్నపురాయి ఈ కంది గుణానికి కారణాలు కావచ్చని ఆ సందర్భంలో వివరించారు. గింజలో 22 నుంచి 24 శాతం దాకా మాంసకృత్తులు ఉంటాయి. వానను నమ్ముకుని పండే పంట ఇది. రుచి, వాసన సరే, ఉడికాక తొందరగా పాచిపోదని ఈ పప్పుకు పేరు. పొద్దున వండింది ఒంటిగంటకు విప్పాల్సిన వాళ్లకు అన్నిటికంటే అక్కరకొచ్చే గుణం ఈ చివరిదే.

చేను గట్టు మీద

జూన్, జులైలో విత్తిన కంది డిసెంబర్, జనవరిల్లో కోతకు వస్తుంది. పత్తి ఏరడం కూడా దాదాపు అప్పుడే. కూలికి వచ్చే ఆడవాళ్లు గుంపుగా వస్తారు, గుంపుగానే తింటారు. వేపచెట్టు కిందో తుమ్మచెట్టు కిందో గిన్నెలన్నీ మధ్యలో పెడతారు. ఒకరి ఇంట్లో పుంటికూర, ఇంకొకరి ఇంట్లో పచ్చిపులుసు, మరొకరి దగ్గర వట్టి ఎల్లిగడ్డ కారం. కారం తెచ్చినామె పప్పుతో తింటుంది, పప్పు తెచ్చినామె కారం అడిగి పెట్టించుకుంటుంది. ఆ పూట ఇంట్లో కూర లేదన్న సంగతి బయటపడదు. ఎవరింట్లో ఏం వండారన్న కబురు మాత్రం ఊరంతా తెలుస్తుంది, అది వేరే విషయం.

కంది పచ్చిగా ఉన్నప్పుడే ఇంకో వేడుక ఉంది. కాయలు కోసి ఉప్పేసి ఉడకబెడతారు. చుట్టూ కూర్చుని వలుచుకు తింటుంటే కబుర్లు వాటంతట అవే సాగుతాయి. వలిచిన గింజలు ఒకరి కోసం దాచే వీలు లేని తిండి ఇది.

పొలంలో కలిసి తినడాన్నే పండుగగా చేసుకునే రోజు ఎల్ల అమావాస్య. బీదర్, కలబురగి జిల్లాల్లో, ఇటు జహీరాబాద్ వైపు పల్లెల్లో చలికాలపు అమావాస్యనాడు జరుగుతుంది. ఆ రోజు ఇంటిల్లిపాదీ చేనుకు కదులుతారు. ముందు రోజు రాత్రి నుంచే వంట. సజ్జరొట్టెలు, అంబలి, అన్నిటినీ మించి భజ్జి. మన శనగపిండి బజ్జీకీ దీనికీ సంబంధం లేదు. పచ్చి కంది, అనుములు, బఠానీలు, శనగలు, దొరికిన ఆకుకూరలు, కాయగూరలు అన్నీ వేసి, శనగపిండి, చింతపండు కలిపి చిక్కగా ఉడికించే కూర ఇది. ఆ కాలంలో చేనులో, పెరట్లో ఏమేం పండుతాయో ఒక్క గిన్నెలో చూపించే వంట. చేనులో జొన్నదంట్లతో చిన్న గుడిసెలా కట్టి, ఐదు రాళ్లు పెట్టి, పాండవులని మొక్కుతారు. వండినదాంట్లో కొంత చేను చుట్టూ చల్లుతారు. మొదటి వాటా భూమిది. తర్వాత దారినపోయేవాళ్లనూ పిలిచి కూర్చోబెడతారు. పొలం లేనివాళ్లు పొలం ఉన్నవాళ్ల దగ్గరికి పోయి తినడం ఆ రోజు చిన్నతనం కాదు.

ఇంత చెప్పుకున్నా ఆ చెట్టు కింది వలయం అందరిదీ అనుకోవడం పొరపాటు. పాతకాలంలో కులాన్ని బట్టి కూర్చునే చోటు వేరు, నీళ్ల కుండ వేరు. కూరలు మార్చుకోవడం కూడా తమతమ గుంపుల్లోనే సాగేది. కూలిపని అందరినీ ఒక సాలులో నిలబెట్టింది కానీ ఒకే గిన్నె చుట్టూ కూర్చోబెట్టడానికి చాలా ఏళ్లు తీసుకుంది.

పట్టాల మీద క్యారియర్

కర్ణాటక వైపున్న వాడి స్టేషన్ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో నిజాం రాజ్యపు రైలు మార్గం తెరిచారు. తాండూరు, వికారాబాద్ ఆ దారిలోవే. తర్వాత బీదర్ వైపు లైను పడటంతో వికారాబాద్ జంక్షన్ అయింది. హైదరాబాద్ 70 కిలోమీటర్ల దూరమే కావడంతో రోజూ రైల్లో పోయి వచ్చేవాళ్లు ఒక ఊరంత మంది తయారయ్యారు. అటు నుంచి ఇటు వచ్చే టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఇటు నుంచి అటు పోయే విద్యార్థులు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు. నెలవారీ సీజన్ టికెట్ ఉన్నవాళ్లకు రోజూ అదే పెట్టె, అదే మూల. పేర్లు తెలియడానికి ముందే ఎవరింటి చారు ఎలా ఉంటుందో తెలిసిపోతుంది.

రైలు సద్దిని కొంచెం మార్చింది. గుడ్డమూట పోయి స్టీలు క్యారియర్ వచ్చింది. కదిలే పెట్టెలో పులుసు ఒలుకుతుంది కనుక పొడికూరలు, నిమ్మకాయ పులిహోర, చపాతీలు ముందుకొచ్చాయి. క్యారియర్ మూతే పళ్లెం. పొద్దున రైలు ఆలస్యమైతే మధ్యాహ్నం తినాల్సింది లింగంపల్లి రాకముందే అయిపోయే రోజులూ ఉంటాయి. ఆ మధ్యాహ్నం ఆఫీసు పక్క హోటలే గతి. ఇంట్లో మాత్రం ఆ మాట చెప్పరు.

సద్దులు, వనభోజనాలు, కందూర్లు

సద్ది పేరుతోనే పెద్ద పండుగ ఒకటుంది. తొమ్మిది రోజుల బతుకమ్మలో చివరిది సద్దుల బతుకమ్మ. ఆ సాయంత్రం పూలతోపాటు తిండీ చెరువు గట్టుకు కదులుతుంది. చింతపండు పులిహోర, పెరుగు సద్ది, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, వీటితోపాటు మలీద. మలీద అంటే రొట్టెల్ని వేడి మీదే నలిపి బెల్లం, నెయ్యి కలిపి ఉండలు కట్టేది. బతుకమ్మలను నీళ్లలో వదిలాక గట్టు మీదే గిన్నెలు తెరిచి ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటారు. ఎవరు ఎంత తెచ్చారో, ఎంత తిన్నారో లెక్క తేలదు. ఇంటికి చేరిన గిన్నెలో సగం పక్కింటి పులిహోరే ఉంటుంది.

కార్తీకం వస్తే అనంతగిరి. అనంత పద్మనాభ స్వామి గుడి, మూసీ పుట్టిన గుట్టలు, చుట్టూ అడవి. జాతరకు వచ్చేవాళ్లు కొందరు, ఉసిరిచెట్టు నీడ వెతుక్కుంటూ వచ్చే వనభోజనాల బృందాలు కొన్ని. చేవెళ్ల దారిలో మన్నెగూడ దాకా రోడ్డుకు రెండు వైపులా సుమారు 900 పాత మర్రిచెట్లు ఉండేవి. హైదరాబాద్ నుంచి వచ్చే కుటుంబాలు బండి ఆపి ఆ నీడలోనే టిఫిన్ డబ్బాలు తెరిచేవి. రోడ్డు వెడల్పు చేసే పనికీ ఆ మర్రులకూ మధ్య ఏళ్ల తరబడి వివాదం నడిచింది. గుట్ట మీద వడ్డనకు ఒకప్పుడు మోదుగాకుల విస్తర్లే. ఆకుల అంచులు ఒకదాని మీద ఒకటి పెట్టి సన్నటి పుల్లలతో గుచ్చి చేసేవాళ్లు. తిన్నాక పారేస్తే మట్టిలో కలిసేవి. ఇప్పుడు ఆదివారం సాయంత్రానికి మిగిలేవి పేపరు ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు. కలిసి తినడంలో ఉన్న ఉత్సాహం కలిసి ఎత్తడంలో లేదు.

మొక్కుల భోజనాలది వేరే లెక్క. దర్గా దగ్గర మేకను కోసి, అక్కడే వండి, బంధువులను, ఊరివాళ్లను పిలిచి పెట్టేదాన్ని కందూరు అంటారు. రంగారెడ్డి జిల్లా కొత్తూరు దగ్గరి జహంగీర్ పీర్ దర్గా దీనికి బాగా పేరున్న చోటు. మొక్కేవాళ్లలో హిందువులూ బోలెడుమంది. కలబురగిలో 1422లో కన్నుమూసిన సూఫీ గురువు బందేనవాజ్ దర్గా ఉంది. లంగరు పేరుతో వచ్చినవారందరికీ తిండి పెట్టడం సూఫీల ఆచారం. అదే ప్రాంతంలో అంతకు ముందు, 12వ శతాబ్దంలో, కల్యాణ పట్టణం నుంచి బసవేశ్వరుడు దాసోహాన్ని నడిపించాడు. కష్టపడి సంపాదించినదాన్ని నలుగురితో పంచుకోవడమే అందులోని సారం. తాండూరులో భావిగి భద్రేశ్వర స్వామి జాతర జరుపుకునే లింగాయతులకు ఆ మాట ఇప్పటికీ వాడుకలోదే. ఒక వైపు లంగరు, ఇంకో వైపు దాసోహం, మధ్యలో కందూరు. సరిహద్దు ఊరి ఆకలికి మూడు దారులు దొరికాయి.

బడి గంట

పిల్లల సద్దిని ప్రభుత్వమే కట్టడం మొదలై రెండు దశాబ్దాలు దాటింది. ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో వండిన భోజనం పెట్టాలని 2001 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో మధ్యాహ్న భోజనం మొదలైంది. తమిళనాడు ఈ పని 1950లలో కామరాజ్ కాలంలోనే చేసింది. తెలంగాణలో 2015 జనవరి నుంచి బడులు, హాస్టళ్లలో సన్నబియ్యం వండుతున్నారు. వంట చేసేది ఎక్కువగా ఊరి మహిళా సంఘాల వాళ్లే. బిల్లులు ఆలస్యమైతే అప్పుచేసి పప్పు తెచ్చి వండేదీ వాళ్లే.

ఈ పథకం కడుపు నింపడంతోపాటు ఇంకో పని చేసింది. అన్ని కులాల పిల్లలూ ఒకే వరసలో కూర్చుని ఒకే గిన్నెలోది తినడం రోజువారీ సంగతైంది. మొదట్లో ఫలానావాళ్లు వండితే మా పిల్లలు తినరని అన్న ఊళ్లు దేశంలో చాలానే ఉన్నాయి. గుడ్డు పెట్టే రోజున హాజరు పెరుగుతుందని ఏ టీచరును అడిగినా చెబుతారు. ప్రైవేటు బడుల్లో బాక్సు తెచ్చుకునే పిల్లల మధ్య పాత సద్ది న్యాయమే నడుస్తోంది. నూడుల్స్ తెచ్చిన బాక్సు మూత తీయగానే చేతులు పడతాయి, ఉప్మా తెచ్చినవాడికి తన బాక్సు తనకే దక్కుతుంది.

హోటల్ బల్ల

ఈ పట్టణాల్లో బయట తినడం చాయ్‌తో మొదలైంది. స్టేషన్ ముందు, బస్టాండు పక్క, అంగడి మూల ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. ఒక చాయ్‌ని రెండు కప్పుల్లో పోయించుకునే వన్ బై టూ ఇక్కడ ఎవరికీ నామోషీ కాదు. పొదుపు కోసం కంటే ఒక్కరే తాగడం ఇష్టం లేక చెప్పేవాళ్లే ఎక్కువ.

హోటల్ చరిత్రలో చేదు కూడా ఉంది. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాల్లో, హోటళ్లలో కులం, మతం పేరిట ఎవరినీ అడ్డుకోకూడదని 1950లోనే చెప్పింది. అయినా పల్లె చాయ్ హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి దశాబ్దాలపాటు సాగింది. ఉమ్మడి రాష్ట్రంలో జస్టిస్ పున్నయ్య కమిషన్ దాన్ని నమోదు చేసింది. పట్టణంలో ముఖం తెలియకపోవడమే కొంత మేలు చేసింది. వచ్చినవాడి ఊరు, పేరు అడగకుండా డబ్బులు తీసుకుని అన్నం పెట్టే మెస్, సద్ది వలయం చేయలేని పనిని చేసింది.

మెస్ భోజనం మాత్రం ఒంటరి భోజనమే. ఎవరి పళ్లెం వాళ్లది, ఎవరి కప్పు వాళ్లది. అలవాటైన చేతులు ఊరుకోక పక్కవాడి పళ్లెంలో అప్పడం విరిచిపెడతాయి. బిర్యానీ హోటల్ వచ్చాక పాత తీరు మళ్లీ పుంజుకుంది. ఇద్దరికి ఒక ఫుల్, నలుగురికి ఫ్యామిలీ ప్యాక్, స్నేహితుల గుంపుకు జంబో. అడిగేటప్పుడే పంచుకునే లెక్క. ఆ తర్వాత వచ్చింది మండీ. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో పనిచేయడానికి వచ్చినవాళ్ల వారసులు ఉండే హైదరాబాద్ బార్కస్‌లో ఈ అన్నానికి పేరొచ్చింది, అక్కడి నుంచి జిల్లా పట్టణాలకు పాకింది. ఒకే పెద్ద తబుకు చుట్టూ నలుగురూ కింద కూర్చుని ఎవరి వైపు వాళ్లు తినుకుంటూ వస్తారు. కుర్చీలూ బల్లలూ తెచ్చి మనుషులను విడదీసిన హోటలే, అదనపు డబ్బులు తీసుకుని మళ్లీ నేల మీద కూర్చోబెడుతోంది.

అనంతగిరి చుట్టూ రిసార్టులు, కోట్‌పల్లి జలాశయంలో కయాకింగ్ వచ్చాక శని, ఆదివారాలు హైదరాబాద్ కార్లతో దారి నిండిపోతోంది. అలా వచ్చేవాళ్ల కోసం రోడ్డు పక్కన నాటుకోడి కూర, జొన్నరొట్టె అని బోర్డులు వెలిశాయి. ఇక్కడివాళ్లు సెలవు రోజున బిర్యానీకి పోతుంటే, నగరం వాళ్లు ఇక్కడివాళ్ల సద్దిని వెతుక్కుంటూ వస్తున్నారు.

చివరికి మిగిలే పేచీ బిల్లు. సద్దిలో డబ్బుల మాట లేదు, హోటల్లో తప్పదు. పాత తరం కౌంటర్ దగ్గర ఒకరి చేయి ఒకరు పట్టుకుని నేనిస్తానంటే నేనిస్తానని వాదులాడుకుంటుంది. ఆ వాదనలో నెగ్గినవాడికి పరువు, ఓడినవాడికి లాభం. కాలేజీ పిల్లలు ఫోన్ తీసి తలా ఎంతో చూసుకుని అక్కడికక్కడే పంపేసుకుంటారు. ఆఫీసు బృందాల్లో మధ్యేమార్గం నడుస్తోంది. ఈ నెల జీతాల రోజున ఒకరు, వచ్చే నెల ఇంకొకరు. కొత్తగా చేరినవాళ్లకు మొదటి జీతం దాకా మినహాయింపు, ఆ రోజు మాత్రం దావత్ వాళ్లదే.